ముందు ఎవరిని ఎత్తాలి? రెండు వందల ఏళ్ల కిందటే తేల్చిన డాక్టర్ కథ

పామర్రు నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి వెళ్లే రోడ్డు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాట్ల రోజుల్లో తెల్లారకముందే కూలీలతో కిక్కిరిసిన ఆటోలు ఆ దారిన పోతుంటాయి. అందులో ఒకటి బోల్తా పడిందనుకుందాం. మీరు బైకు మీద వస్తున్నారు. అక్కడికి చేరిన మొదటి మనిషి మీరే. ఒకావిడ చెయ్యి విరిగి కేకలు పెడుతూ అటూఇటూ తిరుగుతోంది. ఒకాయన రోడ్డు మీద పడి ఉన్నాడు, తొడ దగ్గర లుంగీ రక్తంతో తడిసిపోతోంది, ఏమీ మాట్లాడటం లేదు. మూడో మనిషికి పైకి గీత కూడా పడలేదు. కానీ ఒళ్లంతా చల్లటి చెమట, ముఖం పాలిపోయింది, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నాడు. 108కి ఫోన్ చేశారు. బండి వచ్చేలోపు మీ రెండు చేతులూ ఎవరి మీద ఉండాలి?

మనలో ఎక్కువమంది కేకలు వినిపించిన వైపు పరుగెడతాం. మనిషి స్వభావమే అంత. అత్యవసర వైద్యంలో ఉద్యోగానికి వెళ్లేవారు మొదట వదిలించుకోవాల్సిన అలవాటు కూడా అదే. గాయపడినవారిలో ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్నది హోదాను బట్టి కాదు, అరుపును బట్టి కాదు, గాయాన్ని బట్టి తేల్చాలని యుద్ధభూమిలో నిలబడి ఆచరణలో పెట్టిన వ్యక్తి డొమినిక్ జాన్ లారే. నెపోలియన్ సైన్యంలో సర్జన్. ఇవాళ రోడ్డు మీద మీరు చూసే అంబులెన్సుకు ముత్తాతలాంటి బండిని తయారు చేయించింది కూడా ఆయనే. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఆయన కనిపెట్టింది ఒక పద్ధతిని.

లారే 1766 జులై 8న ఫ్రాన్స్‌లోని పిరనీస్ కొండల్లో బోదేయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. పదమూడేళ్లకే తండ్రి పోయాడు. చదువు చెప్పించే స్తోమత ఇంట్లో లేదు. తులూజ్ నగరంలో బాబాయి సర్జన్‌గా ఉన్నాడని తెలిసి, ఆ కుర్రాడు వంద కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్లాడు. లెక్క కోసం చెబుతున్నా, కూచిపూడి నుంచి విజయవాడ సుమారు 60 కిలోమీటర్లు. వెళ్లి రావడమంత దూరం అన్నమాట, అదీ కొండదారిలో. బాబాయి దగ్గరే ఏళ్ల తరబడి పని నేర్చుకున్నాడు. తర్వాత పారిస్ చేరి, పోటీ పరీక్షలో నెగ్గి, 21 ఏళ్లకు నౌకాదళంలో సర్జన్ అయ్యాడు. ఓడ అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్ దాకా వెళ్లింది. సముద్రం ఆయన ఒంటికి పడలేదు, ఒకటే వాంతులు. తిరిగొచ్చాక ఆ ఉద్యోగం వదిలేశాడు. మొదటి ఉద్యోగం నప్పలేదని దిగులు పడుతున్నవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. పారిస్‌లో దెసో అనే పేరున్న సర్జన్ దగ్గర మళ్లీ శిష్యరికం చేశాడు. ఆ సమయంలోనే ఫ్రెంచి విప్లవం వచ్చింది.

బండి ఎందుకు వెనకాలే ఉండాలి?

1792లో లారేను రైన్ నది దగ్గరి సైన్యానికి పంపారు. అక్కడ ఆయన చూసిన మొదటి సమస్య గాయాలు కాదు, ఒక నిబంధన. వైద్యుల బళ్లు యుద్ధం జరిగేచోటికి ఒక లీగు దూరంలో, అంటే నాలుగైదు కిలోమీటర్ల వెనక ఆగి ఉండాలి. పోరు ముగిశాకే గాయపడినవాళ్లను ఏరుకు రావాలి. ఆ బళ్లు బరువైనవి, బురదలో కదలవు. సైనికుడు పడిపోయిన చోటే ఒక పగలు, ఒక రాత్రి పడి ఉండేవాడు. సాటి సైనికుల్లో ఎవరైనా దయతలచి మోసుకొస్తే అదృష్టం. అధికారులకు మాత్రం మోసేవాళ్లు దొరికేవారు. డాక్టర్ దగ్గరికి చేరేసరికి చాలామంది రక్తం పోయి ప్రాణం విడిచి ఉండేవారు.

అదే సైన్యంలో ఇంకో దృశ్యం ఆయన కంటపడింది. గుర్రాలు లాగే తేలికపాటి ఫిరంగులు. అవసరమైన చోటికి పరుగున వెళ్లి, పేల్చి, మళ్లీ పరుగున వెనక్కి వచ్చేవి. ఫిరంగి అంత వేగంగా వెళ్లగలిగితే డాక్టర్ ఎందుకు వెళ్లలేడు? ఈ ప్రశ్న నుంచి పుట్టినవే 'ఎగిరే అంబులెన్సులు'. పేరు చూసి విమానాలనుకోకండి. గుర్రబ్బళ్లే.

ఆ బండిని కాస్త దగ్గరగా చూద్దాం. మైదానాలకు రెండు చక్రాలది, రెండు గుర్రాలు. కొండ ప్రాంతాలకు నాలుగు చక్రాలది, నాలుగు గుర్రాలు. కుదుపులు తగ్గడానికి స్ప్రింగులు. గాలి ఆడటానికి పక్కన చిన్న కిటికీలు. ముందూ వెనకా తలుపులు. లోపల నేల చక్రాల మీద జరుగుతుంది, దాని మీద తోలు తొడిగిన పరుపు. గాయపడినవాణ్ని ఎత్తి కుదేసే పని లేకుండా, పరుపుతో సహా బయటికి లాగి, పడుకోబెట్టి, లోపలికి నెట్టొచ్చు. కట్లు కట్టే సామాను పక్క అరల్లో. ఈసారి 108 బండి తలుపు తెరిచినప్పుడు స్ట్రెచర్ ఎలా జారుతూ బయటికొస్తుందో గమనించండి.

బండి ఒక్కటే ఉంటే సరిపోదని లారేకు తెలుసు. 1797లో ఇటలీలో ఈ ఏర్పాటుకు పూర్తి రూపం ఇచ్చినప్పుడు ఆయన దళంలో 340 మంది ఉన్నారు. మూడు విభాగాలు. ఒక్కో విభాగానికి 12 తేలిక బళ్లు, 4 పెద్ద బళ్లు. అందులో సర్జన్లు కొందరే. మిగతావాళ్లు బండి తోలేవాళ్లు, గుర్రాలు చూసేవాళ్లు, సామాను లెక్క చూసేవాళ్లు, కట్లు అందించేవాళ్లు. ఎవరి పని వారిదే, అందరికీ యూనిఫాం. డాక్టర్లు కానివాళ్లకు వైద్యంలో గౌరవమైన ఉద్యోగం ఉంటుందన్న ఆలోచన ఇక్కడ గట్టిగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి 108, 104 కొత్త బళ్లు 1,088 ఒకేసారి బయలుదేరిన దృశ్యం మీలో కొందరు కళ్లారా చూసే ఉంటారు. ఆ బండి నడిపే ఆయన్ను ఆ సేవలో డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. వెనక కూర్చునేది ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, వాడుకలో ఈఎంటీ. ఫోన్ ఎత్తి, కంగారులో ఉన్న మనిషి నోటి నుంచి ఊరి పేరు, గుర్తు, దెబ్బ వివరం రాబట్టేది కాల్ సెంటర్ ఉద్యోగి. ఇంటర్ బైపీసీ తర్వాత ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ పేరుతో డిప్లొమా, బీఎస్సీ కోర్సులున్నాయి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ పనిని గుర్తింపు ఉన్న వృత్తుల జాబితాలో చేర్చింది. ఎంబీబీఎస్ చేసినవారికి ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ ఉంది. మన దేశంలో దానికి ప్రత్యేక విభాగంగా గుర్తింపు వచ్చింది 2009లో. అంటే ఈ రంగం ఇంకా పాతబడలేదు. చేరే ముందు ఒక్క విషయం మాత్రం చూసుకోండి. కోర్సుకు విశ్వవిద్యాలయం లేదా పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా, ఆసుపత్రి క్యాజువాలిటీలో నిజంగా నిలబెట్టి పని నేర్పుతారా? బోర్డు మీద పేరు పెద్దదైతే చాలదు.

గాయమే చెప్పాలి, హోదా కాదు

లారే పెట్టిన రెండో పద్ధతి ఇంకా కష్టమైనది. ప్రాణం మీదికి వచ్చినవారికి ముందు వైద్యం. అతను మామూలు సిపాయా, సేనానా అన్నది చూడకూడదు. శత్రు సైనికుడైనా సరే. తక్కువ దెబ్బలు తగిలినవారు ఆగాలి. ఇవాళ మనకు ఇది మామూలు మాటలాగే ఉంటుంది. చక్రవర్తి పక్కనే నిలబడి, ప్రభువుల కొడుకులు చెయ్యి పట్టుకుని లాగుతుంటే, పేరు లేని రైతుబిడ్డ వైపు తిరగడం ఎంత తెగువో ఊహించండి. ఇలా వేరు చేసి వరుస పెట్టడాన్నే ఇప్పుడు 'ట్రయాజ్' అంటున్నాం. ఫ్రెంచిలో దానికి ఏరడం, వేరుచేయడం అనే అర్థం ఉంది.

ఈనాటి ట్రయాజ్‌లో నాలుగు రంగులు. ఎక్కువమంది గాయపడినచోట వాడే ఒక తేలిక పద్ధతి ఇలా ఉంటుంది. ముందు, లేచి నడవగలిగినవారంతా పక్కకు రండి అని గట్టిగా చెబుతారు. వచ్చినవారు ఆకుపచ్చ. మిగిలినవారి దగ్గరికి వెళ్లి మూడే చూస్తారు. నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నారా? మణికట్టు దగ్గర నాడి అందుతోందా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడుతోందా? చెప్పిన మాట విని చెయ్యి ఎత్తగలుగుతున్నారా? ఏ ఒక్కటి తేడా ఉన్నా ఎరుపు, అంటే వెంటనే. మూడూ బాగుండి నడవలేనివారు పసుపు. శ్వాసదారి సరిచేసినా ఊపిరి ఆడనివారికి నలుపు. ఈ నలుపు అట్ట కట్టడం మనసుకు చాలా భారమైన పని. కోర్సులో నేర్పుతారు గానీ, దానికి అలవాటుపడటం ఎవరికీ సులువు కాదు.

ఈ లెక్కన ఆటో దగ్గరికి వెళ్దాం. కేకలు పెడుతున్న ఆవిడ నడుస్తోంది, మాట్లాడుతోంది. నొప్పి ఎంతున్నా, శ్వాస ఆడుతోందని ఆ కేకే చెబుతోంది. ఆమె ఆగగలదు. తొడ నుంచి రక్తం పోతున్నాయన ఆగలేడు. పెద్ద మనిషి ఒంట్లో ఉండేది సుమారు అయిదు లీటర్ల రక్తం. పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. శుభ్రమైన గుడ్డ ఏది దొరికితే అది, కండువా అయినా సరే, గాయం మీద పెట్టి రెండు చేతులతో బరువంతా వేసి నొక్కాలి. మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదు. తడిస్తే దాని మీదే ఇంకోటి. అప్పటికీ ఆగకపోతే శిక్షణ పొందినవారు 'టూర్నికే' అనే పట్టీని గాయానికి గుండె వైపున రెండు మూడు అంగుళాల ఎగువన, కీలు మీద పడకుండా బిగిస్తారు. ఎన్ని గంటలకు బిగించారో రాసి పెడతారు.

మూడో మనిషి సంగతే అసలు పరీక్ష. పైకి దెబ్బ లేదు. చల్లటి చెమట, పాలిపోయిన ముఖం, వేగంగా సన్నగా కొట్టుకునే నాడి, తికమక మాటలు. ఇవి లోపల రక్తం పోతోందనడానికి గుర్తులు. పొట్టలోకి, కటి ఎముకల మధ్యకు, ఛాతీలోకి పోయే రక్తం మనకు కనబడదు. చర్మం చీలకుండా తొడ ఎముక ఒక్కటి విరిగినా లీటరు దాకా లోపలే పోవచ్చు. ఇలాంటివారిని కూర్చోబెట్టి సోడా తాగించడం మన దగ్గర అలవాటు. అది చేయకండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు. మెడ తిప్పకుండా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బండి రాగానే ముందు ఈయన్నీ, తొడ గాయం ఆయన్నీ చూపించాలి. ఇంకో మాట. సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం చాలామందిలో ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ మంచి మనసుతో సాయపడినవారికి రక్షణ ఇస్తోంది.

లారే కాలంలో ఇవేవీ లేవు. రక్తం ఎక్కించడం లేదు, మత్తు లేదు, క్రిములంటే ఏమిటో తెలియదు. ఈథర్ మత్తు అందరికీ తెలిసింది 1846లో, అంటే ఆయన పోయిన నాలుగేళ్లకు. నుజ్జయిన చేతినో కాలినో గాయమైన తొలి గంటల్లోనే తీసేస్తే బతికే అవకాశం ఎక్కువని, ఆలస్యమైతే కుళ్లు పట్టి మనిషే పోతాడని ఆయన గట్టిగా నమ్మాడు. అనుభవం ఆయన మాటే నిజమని తేల్చింది. 1812లో రష్యాలో బొరొడినో యుద్ధమప్పుడు ఒక్క రోజులో సుమారు 200 మందికి అవయవాలు తొలగించాడు. చదువుతుంటే భయం వేస్తుంది. ఒక్కో ఆపరేషన్ నిమిషాల్లో అయిపోయేది, ఎందుకంటే నొప్పి తగ్గించే మార్గం వేగం ఒక్కటే.

ఈజిప్టుకు వెళ్లినప్పుడు ఆ బళ్లు ఇసుకలో దిగబడతాయని తెలిసి, ఒంటెలకు రెండు వైపులా పడక పెట్టెలు కట్టించాడు. 1807లో ఐలావ్ యుద్ధం గడ్డకట్టే మంచులో జరిగింది. చలికి మొద్దుబారిన అవయవాన్ని కోస్తే నొప్పి తక్కువగా ఉంటోందని అక్కడే గమనించి రాసుకున్నాడు. 1809లో ఎస్లింగ్ దగ్గర వేలమంది గాయాలతో డాన్యూబ్ నదిలోని లోబౌ లంకలో చిక్కుకుపోయారు. తిండి లేదు, వంతెన తెగిపోయింది. లారే గుర్రాలను కోయించి, సైనికుల ఛాతీ కవచాలనే గిన్నెలుగా చేసి సూప్ కాయించాడు. ఉప్పు లేకపోతే తుపాకీ మందు చల్లించాడు. అదే యుద్ధంలో నెపోలియన్‌కు ప్రాణమిత్రుడైన మార్షల్ లాన్ కాలు తీయాల్సి వచ్చింది. చేయగలిగిందంతా చేశాడు. అయినా కొన్ని రోజులకే, మే 31న లాన్ చనిపోయాడు. ఈ ఉద్యోగంలో అన్నీ సరిగ్గా చేసినా మనిషి దక్కని రోజులుంటాయి.

రష్యా నుంచి తిరుగు ప్రయాణంలో బెరెజినా నది వంతెన దగ్గర తొక్కిసలాట. ఎవరి ప్రాణం వారిది. లారే పేరు వినగానే సైనికులు ఆయన్ను చేతుల మీదుగా ఒకరికొకరు అందిస్తూ అవతలి ఒడ్డుకు చేర్చారు. పదవులు ఇచ్చే గౌరవానికీ దీనికీ తేడా ఉంది.

రాజు కోపం ముందు గాయం సాక్ష్యం

నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం యుద్ధంలో కాదు, విచారణలో ఉంది. 1813లో జర్మనీ పోరులో వేళ్లకు, అరచేతులకు తూటాలు తగిలిన కుర్ర సైనికులు రెండు వేల మందికి పైగా తేలారు. యుద్ధం ఎగ్గొట్టడానికి తమ చేతులు తామే కాల్చుకున్నారని సేనానులు నెపోలియన్ చెవిలో వేశారు. ఆయన మండిపడ్డాడు. కొందరిని కాల్చి చంపి మిగతావారికి బుద్ధి చెప్పాలన్నది ఆలోచన. లారే ఒప్పుకోలేదు, ముందు పరీక్షించాలన్నాడు. సర్జన్ల బృందంతో కూర్చుని ఒక్కొక్కరి గాయం చూశాడు. శిక్షణ చాలని కుర్రాళ్లు వరుసల్లో నిలబడి కాల్చేటప్పుడు, వెనక వరుస తూటాలు ముందువాళ్ల చేతులకు తగిలాయని తేలింది. గుట్ట ఎక్కుతూ తుపాకీ పైకెత్తి పట్టుకున్నవారి చేతులకు పై నుంచి శత్రువు తూటాలు తగిలాయి. తమను తాము కాల్చుకున్నారనడానికి ఒక్కరి విషయంలోనూ రుజువు లేదని నివేదిక రాసిచ్చాడు. ఉద్యోగం పోతుందేమోనని ఆయన సన్నిహితులు భయపడ్డారు. నెపోలియన్ నివేదిక చదివి, కోపం తగ్గి, లారేకు బహుమతి, పింఛను ఇచ్చాడు.

రేపు మీరు క్యాజువాలిటీలో పని చేస్తే ఇలాంటి కాగితం మీ చేతికీ వస్తుంది. మెడికో లీగల్ కేసు అంటారు. మెట్ల మీద నుంచి జారిపడిందని పక్కవాళ్లు చెబుతారు, గాయం ఇంకోటి చెబుతుంది. ఏ గాయం, ఎక్కడ, ఎంత పొడవు, ఎన్ని గంటలకు చూశారు, ఇవే రాయాలి. ఊహలు రాయకూడదు, ఎవరో రాయమన్నది అసలే రాయకూడదు.

1815లో వాటర్లూ. తూటాల మధ్య తిరుగుతున్న లారే బండిని దూరం నుంచి చూసిన ఇంగ్లిషు సేనాని వెల్లింగ్టన్, అటువైపు కాల్చవద్దని ఆజ్ఞాపించాడని చెప్పుకుంటారు. ఆ సాయంత్రం ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. లారే ప్రష్యన్లకు చిక్కాడు. కాల్చేయమని శిక్ష వేశారు. అంతలో ఒక జర్మన్ సర్జన్ ఆయన్ను గుర్తుపట్టాడు, బెర్లిన్‌లో లారే పాఠం విన్నవాడు. విషయం సేనాని బ్లూషర్ దాకా వెళ్లింది. అంతకుముందు ఒక యుద్ధంలో బ్లూషర్ కొడుకుకు వైద్యం చేసి బతికించింది లారేయేనని చెబుతారు. శిక్ష రద్దయింది, భోజనం పెట్టి, కాపలా ఇచ్చి పంపించారు. శత్రువు గాయానికి కట్టు కట్టినందుకు దక్కిన ప్రాణం అది.

రాజ్యం మారాక కొన్నాళ్లు పదవులు పోయాయి, డబ్బుకు ఇబ్బంది పడ్డాడు. ఆ రోజుల్లోనూ రాయడం మానలేదు. ఆయన యుద్ధ జ్ఞాపకాలు నాలుగు సంపుటాలుగా వచ్చాయి, యూరప్ అంతటా డాక్టర్లు చదివారు. సెయింట్ హెలెనా ద్వీపంలో చనిపోయిన నెపోలియన్ వీలునామాలో లారేకు లక్ష ఫ్రాంకులు రాశాడు. తను చూసినవారిలో అంతటి సద్గుణవంతుడు లేడని అందులో పేర్కొన్నాడు. భార్య ఎలిజబెత్ చిత్రకారిణి. కొడుకు ఇప్పొలిత్ కూడా సైనిక సర్జన్ అయ్యాడు.

1842లో అల్జీరియాలోని సైనిక ఆసుపత్రులను తనిఖీ చేయడానికి కొడుకుతో కలిసి బయలుదేరాడు. తిరుగు ప్రయాణంలో జబ్బుపడి జులై 25న లియోన్ నగరంలో కన్నుమూశాడు. అంతకు మూడు రోజుల ముందే భార్య పోయింది. పాత సైనికుల ఆసుపత్రి ఎన్వలీడ్ ఆవరణలో తనను పూడ్చాలన్నది ఆయన కోరిక. అప్పుడు ఒప్పుకోలేదు, పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో పూడ్చారు. 150 ఏళ్ల తర్వాత, 1992లో, అస్థికలను ఎన్వలీడ్‌కు తరలించారు.